విగ్రహం కాకముందు భీం ఏం అడిగిండు?

2025 మే నెలాఖరుల తెలంగాణ సర్కారు ఒక జీవో తీసింది. నంబర్ 49. ఆసిఫాబాద్ జిల్లల దాదాపు 1.49 లక్షల హెక్టార్ల అడవిని పులుల కోసం కన్జర్వేషన్ రిజర్వు చేస్తున్నమని ఆ కాయితం చెప్పింది. మహారాష్ట్రల తడోబా నుంచి మన కవ్వాల్ దాకా పులి నడిచే తొవ్వ అది, దాన్ని కాపాడాలె అన్నది సర్కారు మాట. ఆ రిజర్వుకు పెట్టిన పేరు కుమ్రం భీం. అడవిల మాకు హక్కు కావాలని అడిగి పానం ఇచ్చిన మనిషి పేరు, అడవిల ఎవరు ఏం చేయొద్దో చెప్పే కాయితం మీదికి ఎక్కింది. ఆదివాసులు రోడ్ల మీదికి వచ్చిన్రు, బందులు చేసిన్రు. జులైల సర్కారు ఆ జీవోను పక్కకు పెట్టింది. పక్కకు పెట్టుడు వేరు, రద్దు చేసుడు వేరు. ఆ తేడా ఎందుకు పట్టించుకోవాల్నో తెల్వాలంటే ముందుగాల భీం ఎవరో తెల్వాలె.

భీం తెల్వనోడు ఎవడున్నడని మీరు అనొచ్చు. నిజమే. అక్టోబర్ వస్తే చాలు, అందరి వాట్సాప్ స్టేటస్‌ల తుపాకి పట్టుకున్న భీం బొమ్మనే ఉంటది. 2022ల వచ్చిన పెద్ద సినిమా చూసి, భీం ఢిల్లీకి పోయిండు, అల్లూరి సీతారామరాజుతోని సోపతి చేసిండు అనుకునే పిల్లగాండ్లు నాకు మస్తుమంది తగిలిన్రు. అది అల్లిన కథ. అల్లూరి 1924లనే చనిపోయిండు. భీం పోరు నడిచింది 1930ల చివరికెల్లి 1940 దాకా. అల్లూరిది మద్రాసు ఏలుబడిల ఉన్న మన్యం, తెల్లోళ్లతోని కొట్లాట. భీంది నిజాం ఏలుబడిల ఉన్న ఆసిఫాబాద్ గుట్టలు. ఇద్దరినీ కలిపింది ఒక్కటే. ఆడ మద్రాసు అటవీ చట్టం, ఈడ హైదరాబాద్ అటవీ చట్టం. రెండు చట్టాలూ అడవిల పుట్టినోన్ని అడవికి దొంగను చేసినయి.

పేరు కూడా మనం నోటికొచ్చినట్టు రాస్తున్నం. కొమురం, కొమరం, కుమురం. మన దిక్కు కొమురయ్య, కొమురక్క పేర్లు ఎక్కువ గదా, ఆ అలవాటుల అట్ల తిరిగింది. గోండుల ఇంటిపేరు కుమ్ర. నేను కుమ్రం అనే రాస్త.

సంకేపల్లి అనే ఊర్ల పుట్టిండు భీం. ఆసిఫాబాద్ దగ్గర. అయ్య చిన్నూ, అవ్వ సోంబాయి. పుట్టింది 1901 అక్టోబర్ 22 అని ఎక్కువమంది రాస్తరు, సంవత్సరం కాడ పుస్తకానికి పుస్తకానికి తేడా ఉంటది. తేదీలు రాసిపెట్టుకునే ఇండ్లు కావు అవి. ఆయన గురించి మనకు తెలిసిందాంట్ల సగం గోండు పెద్దలు నోటితోని దాచుకున్నది, మిగిలింది తర్వాత వచ్చిన హైమెండార్ఫ్ లాంటోళ్లు రాసింది, 1980లల సాహు, అల్లం రాజయ్య కలిసి ఊరూరు తిరిగి నవలగ రాసింది. అందుకనే నేను కూడా అడుగడుగునా చెప్తరు, అంటరు అనే రాస్త. ఇది నోటి చరిత్ర.

భీం పుట్టేనాటికి ఆ గుట్టల మీద బతుకు ఎట్లుండె? ఇది జర నిదానంగ చెప్పాలె. ఎందుకంటే మొత్తం తగాదా ఇక్కడనే మొదలయింది.

కొలాములు గుట్ట వాలుల పోడు కొట్టుకునేటోళ్లు. గోండులు అట్ల కాదు, ఎడ్లు కట్టి నాగలి దున్నేటోళ్లు. గుట్టల మీద మట్టి పల్చగ ఉంటది. ఒక చెలకల రెండు మూడేండ్లు జొన్నలో కొర్రలో పండించినంక అది బలం తప్పుతది. అప్పుడు దాన్ని పడావు పెట్టి పక్క చెలకకు పోతరు. కొన్నేండ్లకు పడావు భూమిల చెట్టు చేమ మొలుస్తది, మట్టికి మల్ల బలం వస్తది, మల్ల అదే చెలకకు తిరిగొస్తరు. అంటే ఒక ఇంటికి పది ఎకరాల సాగు ఉన్నదంటే దాని ఎనుక అంతకు రెండింతలు మూడింతలు పడుకున్న భూమి ఉంటది. అది వదిలేసిన భూమి కాదు. నిద్రపోతున్న భూమి.

సర్కారు సర్వేవాళ్లు వచ్చి చూసిన్రు. దున్నిన చెలక కనబడ్డ కాడ ఊరు అని రాసుకున్నరు. పొదలు, చెట్లు కనబడ్డ కాడ అడవి అని రాసుకున్నరు. గీత గీసిన్రు. ఆ గీతతోని ఊర్లకు ఊర్లు అడవి నడుమ దీవుల లెక్క అయిపోయినయి. పడావు పెట్టిన చెలకకు తిరిగిపోతే ఆక్రమణ. పశువులను తోలితే పన్ను. పొయ్యిల కట్టె తెచ్చుకుంటే పన్ను. నాగలికి కర్ర కొట్టుకుంటే కేసు. 1917ల హైదరాబాద్ అటవీ చట్టం వచ్చినంక ఈ గీతలకు కాయితం బలం కూడా తోడైంది.

ఇంకో దెబ్బ పట్టా. గోండులకు చానా మందికి పట్టాలు లేకుండె. సివాయి జమాబందీ అని ఒక పద్ధతి ఉండె, సర్కారు భూమిని దున్నుకొని ఏటా శిస్తు కట్టుడు. శిస్తు కట్టిన రశీదు ఉంటది గని భూమి నీదని కాయితం ఉండదు. 1920ల చివరికి కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు పడ్డది. బయటి జనం, సావుకార్లు, భూములు కావాల్సినోళ్లు వచ్చిన్రు. వాళ్లకు తహసీలు ఎరుక, పట్వారీ ఎరుక, ఉర్దూల దరఖాస్తు రాసుడు ఎరుక. గోండు తరాలకెల్లి దున్నిన చెలకకు బయటోని పేరు మీద పట్టా అయ్యేది. నిన్నటిదాక భూమి అసామి, తెల్లారేసరికి కౌలుదారు. ఆ ఎనుక కైకిలోడు.

భీం ఇంట్ల మొదటి సావు అడవి కాన్నే జరిగింది. అయ్య చిన్నూ అడవి హక్కుల కోసం మాట్లాడుతుంటే అటవీ సిబ్బంది చేతుల్ల చనిపోయిండని చెప్తరు. భీం అప్పటికి ఇంకా మీసం రాని పిల్లగాడు. అవ్వతోని, ఇంటోళ్లతోని సంకేపల్లి ఇడిచి సుర్దాపూర్ పోయిన్రు. ఆడ మల్ల అడవి నరికి చెలక చేసుకున్నరు. పంట చేతికి వచ్చే యాళ్లకు భూమి నాదని లక్ష్మణరావు అనే పెద్దమనిషి అన్నడు, పంట జప్తు చేయనీకి సిద్దిఖ్ అనేటోడు మనుషులతోని దిగిండు. కొట్లాటల భీం చేతి దెబ్బకు సిద్దిఖ్ చచ్చిపోయిండు. ఆ రాత్రే భీం ఊరు ఇడిచిండు.

ఇక్కడ ఒక మాట. ఈ మధ్యన భీం కథను మతం కొట్లాట చేయాలని చూసేటోళ్లు ఎక్కువైన్రు. నిజాం తురకోడు, భీం హిందువు, అందుకని కొట్లాడిండు అని వీడియోలు తిరుగుతున్నయి. సుర్దాపూర్ చేను కాడ నిలబడ్డ ఇద్దరి పేర్లు ఇంకోసారి చూడుండ్రి. ఒకడు లక్ష్మణరావు, ఒకడు సిద్దిఖ్. గోండుల భూములు గుంజుకున్నోళ్లల్ల మరాఠీ సావుకార్లున్నరు, తెలుగు దొరలున్నరు, ముస్లిం వ్యాపారులున్నరు. భూమి గుంజుకునేటప్పుడు వాళ్లకు మతం అడ్డం రాలే. భీం తగాదా చెలక కోసం.

ఊరు ఇడిచిన భీం నడుచుకుంట చాందాకు చేరిండు. ఇప్పటి చంద్రపూర్. అది ఒకప్పుడు గోండు రాజులు ఏలిన పట్నం, కోట గోడలు ఇంకా ఉన్నయి. ఆడ విఠోబా అనే మనిషి అచ్చాఫీసు నడిపేటోడు. భీంకు తిండి పెట్టి పని ఇచ్చిండు. ఆ అచ్చాఫీసుల అక్షరాలు పేర్చుకుంటనే భీం చదువు నేర్చిండు. ఉర్దూ, హిందీ, కొంచెం ఇంగ్లీషు కూడా పట్టుబడ్డదంటరు. బడి మొఖం చూడని మనిషికి సీసం అక్షరాలే బడి అయినయి. నాకు భీం జీవితంల తుపాకి కంటే ఈ ముచ్చటనే ఎక్కువ ఇష్టం. ఎందుకో కొంచెం ఆగితే మీకే తెలుస్తది.

విఠోబాను తెల్లోళ్ల పోలీసులు పట్టుకపోయినంక అచ్చాఫీసు మూతపడ్డది. భీం అస్సాం రైలెక్కిండు. చాయ్ తోటల్ల కైకిలి. నాలుగైదేండ్లు ఆడనే ఉన్నడని చెప్తరు. ఆ తోటల్ల మధ్య భారతం నుంచి తోలుకపోయిన ఆదివాసులే ఎక్కువ. భూమి పోయినోళ్లందరూ ఒక్క కాడ జమైనట్టు. ఆడ కూలోళ్ల దిక్కు నిలబడ్డందుకు జైల్ల పెడితే తప్పించుకొని గూడ్సు బండ్లు పట్టుకొని మల్ల బల్లార్షా దిక్కు వచ్చిండంటరు. బిర్సా ముండా ముచ్చట, అల్లూరి ముచ్చట ఆయన చెవిన పడ్డది ఈ తిరుగుళ్లల్లనే అని పెద్దలు అంటరు.

వచ్చి కాకన్‌ఘాట్‌ల లచ్చు పటేల్ కాడ పనికి కుదిరిండు. లచ్చు పటేల్‌కు భూమి తగాదా ఒకటి ఆసిఫాబాద్ కచేరీల నడుస్తున్నది. భీంకు చదువొచ్చు గదా, కాయితాలు చూసిండు, కచేరీ చుట్టు తిరిగిండు, తగాదా గెలిపించిండు. సుట్టుపక్కల ఊర్లల్ల భీం పేరు మొదట మోగింది దీనితోనే. తుపాకి పట్టకముందు ఆయన పేరు కచేరీల మోగింది. ఒక గోండు కచేరీకి పోయి గెలిచి రావుడు ఆ దినాల్ల ఎవరూ ఇనని ముచ్చట. చాందా అచ్చాఫీసుల నేర్చుకున్న అక్షరం ఇక్కడ పనికొచ్చింది. ఆ గౌరవంతోనే లచ్చు పటేల్ ముందర పడి భీం పెండ్లి చేసిండు. ఆమె పేరు కూడా సోంబాయే.

తర్వాత చిన్నాయినలు, కుటుంబాలతోని బాబేఝరి దిక్కు పోయి అడవి నరికి చెలకలు చేసుకున్నరు. పంట ఏపుగ ఉన్నప్పుడు అటవీ సిబ్బంది దిగిన్రు. ఇది సర్కారు అడవి, లేచిపోండ్రి అన్నరు. గుడిసెలు కాల్చిన్రు. పైన కూసున్న సాబు దయతలచి ఆర్డర్ ఇచ్చినా, కింద ఉన్నోడు చెయ్యి తడపనిదే కదలడు. ఆ గుట్టల్ల కింది సిబ్బంది లంచాల గురించి, వసూళ్ల గురించి హైమెండార్ఫ్ ఉన్నదున్నట్టు రాసిండు. భీం అర్జీ పెట్టిండు. ఉలుకు లేదు, పలుకు లేదు. మల్ల పెట్టిండు. పోరగాండ్లు భీం అంటే ఒక్క దెబ్బకు తుపాకి ఎత్తిండనుకుంటరు. ఆయన తుపాకి ఎత్తింది కాయితం మీద కాయితం పెట్టి, జవాబు రాక, ఆఖరుకు.

పన్నెండు ఊర్లు ఒక్కటైనయి. జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్, టోకెన్‌మోవాడ్, చాల్‌బరిడి, శివగూడ, భీమన్‌గొంది, కల్లేగాం, అంకుసాపూర్, నర్సాపూర్, కోషగూడ, లైన్‌పటార్. ఊర్ల పేర్లు తలా ఒక తీరు పలుకుతరు, రాస్తరు. గోండులు, కొలాములు కలిసి నిలబడ్డరు. అటవీ సిబ్బందిని ఊర్లకు రానీయలే. పన్ను కట్టమన్నరు. బర్మార్లు, బాణాలు, గొడ్డళ్లు జమ చేసుకున్నరు. జల్, జంగల్, జమీన్ అనే మూడు ముక్కల నినాదం భీం పేరు మీద నిలబడ్డది. నీళ్లు, అడవి, భూమి.

సర్కారు ఊకే ఫైరింగుకు రాలే. ముందు మాటలకు మనుషులను పంపింది. మీ భూములకు పట్టాలిస్తం, లొంగిపోండ్రి అన్నది. ఈ కాడ ఆగి ఆలోచించాలె. పట్టా అంటే ఆ దినాల్ల చిన్న సంగతి గాదు. అయ్య సచ్చిపోయింది దాని కోసమే, సుర్దాపూర్ పంట పోయింది అది లేకనే. అసొంటి పట్టా చేతికి ఇస్తమంటే భీం ఒప్పుకోలే. పన్నెండు ఊర్ల మీద మా పెత్తనం మాకుండాలె, అడవి ఊరిది కావాలె, జైళ్ల ఉన్న మనోళ్లను ఇడవాలె అన్నడని చెప్తరు. నిజాంను కలిసి చెప్పుకుందమని హైదరాబాద్ దాకా పోయిండట, కలవనియ్యలేదట, తిరిగొచ్చిండు.

ఎందుకు ఒప్పుకోలే? మొండితనం అని కొందరు రాసిన్రు. నేను అట్ల అనుకోను. గోండు సాగు ఎట్లుంటదో పైన చెప్పిన. ఇయ్యాల దున్నుతున్న పది ఎకరాలకు పట్టా ఇస్తే, పడావు పెట్టిన ఇరువై ఎకరాలు అడవి అయిపోతది. పశువుల మేత పోతది. ఇప్పపువ్వు, తునికాకు, మొర్రిపండు, తేనె, వెదురు, అన్నీ సర్కారు గీతకు అవతల పడుతయి. ఎండకాలం నాలుగు నెలలు ఇల్లు నడిచేది వాటితోని. చెలక పట్టా ఇంటికి వస్తది, అడవి ఊరికి రాదు. అడవి లేని గోండు చెలక మూడేండ్లు పండుతది, నాలుగో ఏడు సావుకారి దగ్గర కుదువకు పోతది. భీంకు ఈ లెక్క ఎరుక. చదువు రానోడు కూడా ఆ గుట్టల మీద ఈ లెక్క చెప్తడు.

1940 అశ్వయుజ మాసం, పున్నమి రోజులు. ఆసిఫాబాద్ తాలూక్దారు అబ్దుల్ సత్తార్ సాయుధ పోలీసులను తీసుకొని జోడేఘాట్ గుట్టలెక్కిండు. తొవ్వ చూపించింది కుర్దు పటేల్ అని జనం ఇప్పటికీ పేరు పెట్టి తిడుతరు. ఎన్నెల రాత్రి కాల్పులు జరిగినయి. భీం, ఆయన పక్కన ఉన్నోళ్లు ఇంకొందరు నేలకొరిగిన్రు. శవాలను ఇంటోళ్లకు ఇయ్యలేదని, ఆడనే కాల్చిన్రని చెప్తరు. ఇంగ్లీషు తేదీ ఏందన్న కాడ ఒక్కో పుస్తకం ఒక్కో తీరు రాస్తది. గోండులకు ఆ తగాదా లేదు, అశ్వయుజ పున్నమికి జోడేఘాట్ పోతరు. వాళ్లకు పున్నమే లెక్క.

సంపినంక సర్కారుకు భయమైంది. గుట్టల మీద అసలేం జరుగుతున్నది అని అడిగింది. అప్పటికే హైదరాబాద్‌ల క్రిస్టోఫ్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఉన్నడు. పుట్టింది వియన్నాల, ఆస్ట్రియావాడు. 1939ల యుద్ధం మొదలైనంక శత్రుదేశం మనిషని నిజాం రాజ్యం దాటి పోనియ్యలేదు. ముందు నల్లమల చెంచుల కాడ, గోదారి దిక్కు కొండరెడ్ల కాడ పనిచేసి, ఆ ఎనుక గోండుల దిక్కు వచ్చిండు. మార్లవాయి అనే ఊర్ల గుడిసె ఏసుకొని భార్య బెట్టీ ఎలిజబెత్‌తోని ఉన్నడు. గోండీ నేర్చుకున్నడు. పట్టాలు లేకపోవుడు, అడవి గీత, లంచాలు, ఇవన్నీ సర్కారుకు రాసిచ్చిండు. మార్లవాయిల గోండు పిల్లలకు బడి, గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైనయి. 1940ల దాటేసరికి ఆదిలాబాద్ ఆదివాసులకు దాదాపు 1,60,000 ఎకరాల పట్టాలు అయినయి.

మనోళ్లు హైమెండార్ఫ్‌ను దేవునోలె చూస్తరు. ఏటా జనవరి 11న మార్లవాయిల ఆ ఇద్దరినీ యాది చేసుకుంటరు. తప్పు లేదు, మంచి చేసిండు. గని ఒక లెక్క యాది పెట్టుకోవాలె. భీం అర్జీకి జవాబియ్యని సర్కారే, భీం సచ్చినంక లక్షన్నర ఎకరాలు పంచింది. జోడేఘాట్ కాల్పులు కాకపోతే ఆ దొరను గుట్టలకు పంపే ఆలోచన ఎవనికీ వచ్చేది కాదు. పట్టాలు తెచ్చింది హైమెండార్ఫ్ కలం ఒక్కటే అనుకుంటే ఆ పున్నమి రాత్రి సచ్చిపోయినోళ్లను మర్చినట్టు.

ఇంకో సంగతి. పంచింది చెలకలే. అడవి ఎప్పటిలెక్కనే గీతకు అవతల ఉండె. భీం దేనికైతే భయపడ్డడో అదే అయింది. 1948ల నిజాం పోయినంక బయటి జనం ఇంకా ఎక్కువ దిగిన్రు, పట్టా భూములు అప్పుల కింద చేతులు మారినయి. ఆదివాసి భూమి ఆదివాసేతరులకు పోవద్దని 1959ల రెగ్యులేషన్, 1970ల దాన్ని గట్టి చేసిన 1/70 వచ్చినయి. కాయితం మీద గట్టిగనే ఉన్నది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల గోండులు మల్ల భూమి అడగనీకి జమైతే పోలీసులు కాల్చిన్రు. సర్కారు లెక్క ప్రకారం సచ్చిపోయినోళ్లు 13 మంది. జనం లెక్క దానికంటే చానా ఎక్కువ. జోడేఘాట్‌కు ఇంద్రవెల్లికి నడుమ 41 ఏండ్లు. నిజాం లేడు, అడిగింది మాత్రం అదే.

2006ల అటవీ హక్కుల చట్టం వచ్చింది. దాంట్ల రెండు తీర్ల హక్కులున్నయి. ఒకటి, 2005 డిసెంబర్ 13కు ముందునుంచి దున్నుతున్న పోడుకు ఇంటి పేరు మీద పట్టా. రెండోది ఊరి హక్కు. ఊరోళ్లు ఎప్పటికెల్లి వాడుకుంటున్నరో, కాపాడుతున్నరో, ఆ హద్దుల లోపలి అడవిని గ్రామసభనే చూసుకునే హక్కు, వెదురు, తునికాకు, ఇప్పపువ్వు లాంటివాటి మీద యాజమాన్యం. మొదటిది నిజాం మనుషులు భీంకు ఇస్తమన్నది. రెండోది భీం అడిగిందానికి దగ్గర.

మన దగ్గర సభలు పెట్టి, కెమెరాల ముందు పంచేది ఎప్పుడూ మొదటిదే. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌ల మొదలుపెట్టి 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు పట్టాలిస్తున్నమని అప్పటి సర్కారు చెప్పింది. వచ్చినోళ్లకు మేలైంది, రైతుబంధు కూడా పడ్డది. రానోళ్లు ఇప్పటికీ ఆఫీసుల చుట్టు తిరుగుతున్నరు. ఆదివాసులు కాని పేదలకైతే మూడు తరాలు, 75 ఏండ్ల రుజువు అడుగుతది చట్టం, ఆ కాయితం ఎవ్వని ఇంట్లున్నది? ఈ గోలల రెండో హక్కు ముచ్చట ఎత్తేటోడు తక్కువైండు.

ఆసిఫాబాద్ నుంచి ప్రాణహిత దాటితే గడ్చిరోలి. ఆడ మేండా లేఖా అని ఒక గోండు ఊరున్నది. 2009ల ఆ ఊరికి దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పత్రం వచ్చింది. 2011ల వెదురు తీసుకపోవుడుకు పర్మిట్ ఇచ్చే పుస్తకం అటవీశాఖ చేతిలకెల్లి గ్రామసభ చేతిలకు వచ్చింది. అప్పటికెల్లి ఊరే వెదురు నరకాల్నా వద్దా అని కూసొని తీర్మానం చేసుకుంటది, ఊరే వేలం పెడుతది, పైసలు గ్రామసభ ఖాతాల పడుతయి. ఆ ఊర్ల మాట్లాడేది మన గుట్టల మీద మాట్లాడే గోండీనే. నది ఒడ్డు మారితే హక్కు మారింది. వాళ్లు తుపాకి పట్టలే, ఏండ్లకేండ్లు గ్రామసభల కూసొని చదువుకున్నరు. చట్టాన్ని అక్షరం అక్షరం చదువుకున్నరు. చాందా అచ్చాఫీసుల భీం చేసింది కూడా ఇదే గదా.

ఇప్పుడు జీవో 49 కాడికి వద్దం. పులితోని ఆదివాసికి పగ లేదు. పులిని కొలిచే ఊర్లు ఉన్నయి మనకాడ. గుట్టల మీద పశువును పులి కొట్టుకపోతే ఏడ్చి ఊకుంటరు గని పులి ఉండొద్దని ఎవ్వరూ అనలే. వన్యప్రాణి చట్టం 36ఎ సెక్షన్ కింద సర్కారు ఒక అడవిని కన్జర్వేషన్ రిజర్వు చేయాలంటే ముందు ఆడి జనంతోని మాట్లాడాలె. ఇది ఉద్యమకారుల డిమాండ్ కాదు, చట్టంల రాసున్న మాట. మమ్మల్ని అడిగినోడు లేడని ఊర్లకు ఊర్లు చెప్పినయి. రిజర్వు చేస్తే ఎవ్వరినీ లేపం అని అధికారులు అన్నరు. నిజమే కావచ్చు. ఊరి హక్కు పత్రం చేతిల ఉంటే ఆ మాట నమ్ముడు అలకగ ఉండు. హద్దులు రాసిలేని ఊరికి ఇంకోసారి గీత గీస్తున్నమంటే 1917 యాదికి వస్తది, ఎందుకు రాదు?

భీం పేరు మీద జిల్లా ఉన్నది, 2016 అక్టోబర్ 11కెల్లి. భీం పేరు మీద ప్రాజెక్టు ఉన్నది. జోడేఘాట్‌ల మ్యూజియం ఉన్నది, ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఉన్నది. నేను వీటికి వ్యతిరేకం కాదు. మా చిన్నప్పుడు పాఠం పుస్తకాలల్ల భీం లేకుండె, ఇప్పుడు ఉన్నడు, అది కొట్లాడి తెచ్చుకున్నదే. గని ఆ పన్నెండు ఊర్లల్ల ఎన్నింటికి తమ అడవి మీద ఊరి హక్కు పత్రం ఉన్నదో, ఫోన్ చేతిల ఉన్న మీరు అడిగి తెలుసుకోండ్రి. మీ ఊరికి ఉన్నదో లేదో కూడా.

దాని కాయితం పేరు ఫారం-సి. పోడు పట్టాకు పెట్టేది ఫారం-ఎ, అది వేరు. ఫారం-సి పెట్టేది గ్రామసభ, ఒక్కని పేరు మీద పెట్టరాదు. సభకు ఊరి పెద్దోళ్లల్ల సగం మంది రావాలె, వచ్చినోళ్లల్ల మూడోవంతన్న ఆడోళ్లు ఉండాలె. రుజువుకు పాత పటం, శిస్తు రశీదు ఉంటే మంచిది, లేకున్నా దారి ఉన్నది. పాత బావి, కాటి నేల, దేవుని బండ, ఊడిపోయిన ఊరి ఆనవాలు, ఇవన్నీ రుజువులే. దరఖాస్తుదారులు కాని ముసలోళ్లు చెప్పింది రాసుకొని ఏలిముద్ర ఏయించినా చట్టం దాన్ని రుజువు కింద తీసుకుంటది. ఒక్కదానికి ఇంకొకటి జతపెట్టి ఇయ్యాలె. అశ్వయుజ పున్నమికి జోడేఘాట్‌ల అధికారులు దర్బార్ పెట్టి అర్జీలు తీసుకుంటరు, ఆడ ఇచ్చినా అందినట్టు రశీదు అడిగి తీసుకోండ్రి. కాదంటే ఎందుకు కాదో రాసియ్యాలె. ఆ కాయితం చేతికొచ్చిన 60 రోజుల్ల పై కమిటీకి పోవచ్చు.